మాట పొదుపు, మోత ఘనం

జే మాస్కిస్ అసలు డ్రమ్మర్. ఆ సంగతి తెలిస్తే గానీ ఆయన గిటార్ అంత మోత ఎందుకు మోగుతుందో అంతుపట్టదు.

1965లో పుట్టాడు. ఊరు అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హెర్స్ట్. నాన్న పళ్ల డాక్టరు. స్కూల్లో ఉండగానే డీప్ వూండ్ అనే బ్యాండులో డ్రమ్స్ వాయించాడు. అందులో గిటార్ లూ బార్లోది. 1984లో ఆ ఇద్దరూ, మర్ఫ్ అనే డ్రమ్మర్‌తో కలిసి డైనోసార్ అనే బ్యాండు పెట్టారు. ఈసారి గిటారూ, పాటా మాస్కిస్‌వే. అలాంటి పేరే మరో బృందానికి ఉండటంతో పేచీ వచ్చి, చివర ‘జూనియర్’ తగిలించారు.

డ్రమ్స్ కొడితే ఆ దెబ్బ ఒంటికి తెలుస్తుంది. గిటార్‌లో ఆ ఊపు చాలక, మాస్కిస్ ఆంప్లిఫయర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి సౌండు పెంచేశాడు. చేతిలో ఫెండర్ జాజ్‌మాస్టర్. 1958లో జాజ్ వాయించేవాళ్ల కోసం తెచ్చిన ఈ గిటార్‌ను వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 80లలో పాతవి చవగ్గా దొరికేవి. కాలికింద బిగ్ మఫ్ పెడల్. అది గిటార్ సిగ్నల్‌ను విపరీతంగా పెంచి, తరంగాల కొనలు కోసేస్తుంది. దాంతో స్వరం చిక్కబడి, మీటాక కూడా చాలాసేపు తెగకుండా సాగుతుంది. నా దగ్గర నేర్చుకునే కుర్రాడొకడు మొదటిసారి ఆ పెడల్ తొక్కి, వీధంతా వినబడుతోందని బెదిరి ఠక్కున ఆపేశాడు. మాస్కిస్ మొదలయ్యేదే అక్కడ!

గొంతు మాత్రం అప్పుడే నిద్రలేచిన మనిషిది. 1988 నాటి ‘ఫ్రీక్ సీన్’ వినండి. చెడీ చెడని స్నేహం గురించి సగం సగం పాడి ఊరుకుంటాడు. మిగిలింది గిటార్ అందుకుంటుంది. మూడున్నర నిమిషాల పాటలో రెండు సోలోలు.

పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న లేబుళ్లతో బతికే సంగీతమే ఇండీ రాక్. వీళ్ల తొలి మూడు ఆల్బమ్‌లూ అలా వచ్చినవే. బ్యాండులో మాత్రం మాటల్లేని చోట కోపాలు పేరుకున్నాయి. 1989లో బార్లోను పంపించేశారు. 1991లో పెద్ద కంపెనీ నుంచి వచ్చిన ‘గ్రీన్ మైండ్’లో డ్రమ్స్ చాలావరకు మాస్కిస్సే వాయించుకున్నాడు. 1997లో బ్యాండు మూతపడింది.

మన దేశంతో ఆయనకో ముడి ఉంది. కేరళ మాతా అమృతానందమయికి భక్తుడు. ఆమె కోసం భక్తిగీతాలతో 2005లో ఒక ఆల్బమ్ తెచ్చాడు. అదే ఏడాది పాత ముగ్గురూ మళ్లీ కలిశారు. 2007లో ‘బియాండ్’, 2021లో ‘స్వీప్ ఇట్ ఇంటు స్పేస్’ ఆల్బమ్‌లు వచ్చాయి. తిరిగి కలిసిన కాలమే తొలి కాపురంకన్నా ఎక్కువైంది.

కొత్తగా వినేవాళ్లు ‘ఫ్రీక్ సీన్’ తర్వాత ‘బియాండ్’ పెట్టుకోండి. సౌండు తగ్గిస్తే సగం పాట పోయినట్టే. ఇరుగుపొరుగు సంగతి మీరూ మీరూ చూసుకోండి.