పశ్చాత్తాపం వేరు, మారుమనస్సు వేరు

క్రైస్తవ విశ్వాసంలో మారుమనస్సంటే చేసిన తప్పుకు లోలోపల కుమిలిపోవడం ఒక్కటే కాదు. ఈ తేడాను తెలుగు బైబిలు సూక్ష్మంగా పట్టుకుంది: బాప్తిస్మమిచ్చు యోహాను యూదయ అరణ్యంలో జనాన్ని హెచ్చరించిన చోట ‘మారుమనస్సు’ అన్న అనువాదకులు, గురువును ముప్పై వెండి నాణేలకు అప్పగించిన ఇస్కరియోతు యూదా తన పనికి కుమిలిన చోట ‘పశ్చాత్తాపం’ అన్నారు. మూలమైన గ్రీకులోనూ ఆ రెండు చోట్ల ఉన్నవి వేర్వేరు మాటలే. మొదటిదైన ‘మెటనోయా’కు ఆలోచించే తీరే మారిపోవడం అని అర్థం కాగా, రెండోది జరిగినదాన్ని తలచుకుని పడే వేదనకు పరిమితం. పాత నిబంధనలోని హీబ్రూ మాట ‘షూబ్’ ఇంకా సూటిగా, నడుస్తున్న దారి నుంచి వెనక్కి మళ్లడాన్ని చెబుతుంది.

యూదా పుచ్చుకున్న నాణేలను తిరిగి ఇచ్చేశాడు కదా, అది చాలదా అన్న ప్రశ్న సహజమే. అయితే అతడు వాటిని తనకు లంచమిచ్చిన యాజకుల ముందే పారవేసి, ఆపై ప్రాణం తీసుకున్నాడు. తాను ద్రోహం చేసినవాడి వైపు మాత్రం తిరగలేదు. లూకా సువార్త 19వ అధ్యాయంలోని జక్కయ్య సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. రోమా ప్రభుత్వం తరఫున పన్నులు వసూలు చేసి ధనవంతుడైన ఆ యెరికో అధికారి, యేసు తన ఇంటికి వచ్చిన రోజున ఆస్తిలో సగం పేదలకిస్తానని, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే వారికే నాలుగింతలు చెల్లిస్తానని ప్రకటించాడు. ఆ వృత్తాంతంలో అతడు ఏడ్చినట్లు ఒక్క మాటైనా లేదు, ఉన్నదంతా లెక్క.

సంఘచరిత్రలో ఈ అర్థం కొంతకాలం పక్కకు జరిగింది. మారుమనస్సు పొందమన్న పిలుపును లాటిన్ బైబిలు ప్రాయశ్చిత్తం చేయమన్నట్లుగా ధ్వనించే మాటల్లోకి మార్చడంతో, మతగురువు ముందు పాపాలు ఒప్పుకుని ఆయన విధించిన ప్రార్థనలనో ఉపవాసాన్నో పూర్తిచేస్తే సరిపోతుందన్న భావన బలపడింది. 1516లో గ్రీకు నూతన నిబంధనను అచ్చువేయించిన ఎరాస్మస్ ఆ అనువాదాన్ని ప్రశ్నించాడు. మరుసటి ఏడు మార్టిన్ లూథర్ తన 95 ప్రతిపాదనల్లో మొదటిదాన్నే ఈ విషయానికి కేటాయించి, విశ్వాసి జీవితమంతా మారుమనస్సే కావాలని వాదించాడు. కతోలికులు పాపసంకీర్తనం అని పిలిచే సంస్కారంలో కూడా దుఃఖం, ఒప్పుకోలు, నష్టపరిహారం, గురువు ఇచ్చే పాపవిమోచనం కలిసి ఉంటాయి గనుక, ఇరుపక్షాల వివాదం కనిపించినంత పెద్దది కాదేమో.

అయితే ఒక మనిషి కాక ఒక సంస్థ పాపం చేసినప్పుడు, అందులోనూ చేసినవారు ఎప్పుడో గతించినప్పుడు, ఎవరు ఎవరి వైపు తిరగాలి? నెహెమ్యా, దానియేలు తమ ప్రార్థనల్లో పితరుల పాపాలను తమవిగా ఒప్పుకున్నారు గనుక, బైబిలులో ఇందుకు ఆధారం ఉంది. ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో బోధించడానికి 1904లో వచ్చిన ఆంగ్ల మతగురువు సి.ఎఫ్. ఆండ్రూస్, 1919 నాటి పంజాబు దురాగతాల తరువాత, కొరడా దెబ్బలు తిన్న ఒక సిక్కు గ్రామపెద్ద పాదాలు తాకి తన జాతి తరఫున క్షమాపణ వేడుకున్నట్లు ఆయన జీవితకథలు చెబుతాయి. నూరేళ్ల తరువాత, 2019 సెప్టెంబరులో, అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ జలియన్‌వాలా బాగ్‌లో నేలపై సాష్టాంగపడి, బ్రిటిష్ ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం తనకు లేదని కూడా స్పష్టం చేశాడు.

ఢిల్లీ గోల్ డాక్‌ఖానా కూడలి దగ్గర ఉన్న సేక్రెడ్ హార్ట్ కెథీడ్రల్‌లో 1999 నవంబరు 6న ఆసియా సంఘాల గురించిన లేఖపై సంతకం చేసిన రెండో జాన్ పాల్ పోప్, నాలుగు నెలలకే, 2000 మార్చి 12న, సంఘబిడ్డలు శతాబ్దాలుగా చేసిన పాపాలకు రోములో బహిరంగంగా క్షమాపణ కోరాడు. ఆ కెథీడ్రల్ పక్కనే కార్యాలయమున్న భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారతపై ఒక విధానపత్రం విడుదల చేసి, సంఘంలో కొనసాగుతున్న కులవివక్షను ఘోరమైన సామాజిక పాపంగా అంగీకరించింది. దేశంలోని సుమారు 1.9 కోట్ల కతోలికుల్లో దాదాపు 1.2 కోట్లమంది దళితులని, నాయకత్వంలో మాత్రం వారి సంఖ్య అత్యల్పమని ఆ పత్రమే చెప్పింది. ఒకే బలిపీఠం దగ్గర దివ్యసత్ప్రసాదం స్వీకరించినవారికి కొన్నిచోట్ల సమాధి స్థలాలు వేరువేరుగా ఉన్నాయన్న సంగతి తెలిసిన పాఠకుడికి ఆ ఒప్పుకోలు కొత్తగా అనిపించకపోవచ్చు. తప్పును పాపమనే పేరుతోనే పిలవడం మాత్రం చిన్న విషయం కాదు.

పాపసంకీర్తనం వరకు పని జరిగింది గాని, మిగిలింది జక్కయ్య లెక్క. కర్నూలు మేత్రాసనానికి బిషప్‌గా పనిచేసి, హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయిన పూల ఆంథోనీని 2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ కార్డినల్‌గా నియమించడంతో, ఆ హోదా పొందిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఆయనే అయ్యారు. నాలుగింతల చెల్లింపులో దీన్ని తొలి వాయిదాగా జమకట్టవచ్చు.