వార్తల్లో పదం: నెమరు కాలర్

పశువు మెడకు కట్టే పట్టీలో చిన్న సెన్సర్ అమర్చి, అది రోజుకు ఎంతసేపు నెమరు వేస్తోందో లెక్కగట్టే పరికరమే నెమరు కాలర్. సూది, గొట్టం, కోత ఏదీ లేకుండానే జీర్ణకోశ వ్యాధి జాడను ముందుగా పట్టుకోవడం దీని పని.

ఆరోగ్యంగా ఉన్న పాడి ఆవు రోజుకు 7–8 గంటలు నెమరు వేస్తుంది. పడుకున్న ఆవు మెడకు ఎడమ పక్కన చూస్తే, మేత ముద్ద పైకి జారి రావడం చర్మం కిందే కనిపిస్తుంది. యాభై అరవై సార్లు నమిలి మింగి, కొద్ది సెకన్లు ఆగి మరో ముద్ద తెచ్చుకుంటుంది. తొలితరం కాలర్లు ఈ నమిలే చప్పుడును మైక్రోఫోన్‌తో వినేవి. ఇప్పటివి ఎక్కువగా తల, మెడ కదలికలను బట్టి గుర్తిస్తున్నాయి.

దాణా మోతాదు మించినా, పెళ్లిలో మిగిలిన అన్నం గంపెడు పెట్టినా పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. మామూలుగా 6–7 మధ్య ఉండే పీహెచ్ 5.5 కన్నా కిందికి పడిపోతుంది. దీన్ని తేల్చాలంటే గొట్టం వేసో, ఎడమ డొక్కలో సూది గుచ్చో ద్రవం తీయాలి. మూగజీవికి అది బాధే. ఆమ్లం పెరిగితే నెమరు కూడా తగ్గుతుంది. ఆ సంగతి కాలర్ ముందే చెబితే వైద్యం త్వరగా మొదలవుతుంది.

అయితే జబ్బు పేరు కాలర్ చెప్పదు. ఎదకు వచ్చినప్పుడు, ఈనే ముందు కూడా నెమరు తగ్గుతుంది.

రెండు గేదెలున్న ఇంటికి ఈ ఖర్చు అక్కర్లేదు. ఎడమ డొక్కపై పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. కనీసం రెండుసార్లయినా పొట్ట కదలిక తెలియాలి. తెలియకపోతే ఆలస్యం చేయకుండా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.