పెట్టెలో కొండచరియ

సరీసృపాలను పెంచే పెట్టెలో వెనక గోడకు అమర్చే కృత్రిమ రాయి నిజానికి చెక్కిన థర్మాకోల్. దాని మీద సిమెంటు పూత, ఆ పైన రంగు ఉంటాయి. చూసేవాళ్ళకు అది అలంకారమే గానీ, లోపల తిరిగే జీవికి నడిచే నేల, ఎక్కే గట్టు, దాక్కునే చోటు అన్నీ అదే. అందుకే దాని కొలతలు ఆ జీవిని బట్టి తీసుకోవాలి.

కృత్రిమ రాళ్ళు కట్టే ఈ విద్యకు పేరు తెచ్చినవి జంతుప్రదర్శనశాలలు. 1907లో హాంబర్గ్ శివారులో కార్ల్ హాగెన్‌బెక్ తెరిచిన జూలో సింహాలకూ కొండమేకలకూ కృత్రిమ కొండలు కట్టారు. లండన్ జూలో 1927లో తెరిచిన సరీసృపాల భవనం రూపకల్పనలో జోన్ ప్రోక్టర్‌ది ముఖ్య పాత్ర. ఒకే గూటిలో ఒకవైపు వేడిగా, మరోవైపు చల్లగా ఉండేలా ఆమె విద్యుత్ ఏర్పాట్లు చేయించారు. రాతి అందం కన్నా ఈ వేడి లెక్కే ఇంటి పెట్టెకు ఎక్కువ పనికొచ్చే పాఠం.

అమెరికా, యూరప్ ఇళ్ళలో ఇలాంటి పెట్టెలు ఎక్కువగా బియర్డెడ్ డ్రాగన్ కోసం తయారవుతాయి. ఇది ఆస్ట్రేలియా లోపలి పొడినేలల జీవి. మన తొండలదీ దీనిదీ ఒకటే కుటుంబం. ఆస్ట్రేలియా దీన్ని పెంపకం వ్యాపారానికి ఎగుమతి చేయనివ్వదు కాబట్టి బయటి దేశాల్లో అమ్మేవి దాదాపు అన్నీ పెంపకంలో పుట్టినవే. భారతదేశంలో మాత్రం నక్షత్ర తాబేలు, ఉడుము వంటి స్థానిక జీవులను ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పెట్టె ఎంత బాగున్నా ఆ నేరం నేరమే.

ఎదిగిన బియర్డెడ్ డ్రాగన్ తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లు ఉంటుంది. దానికి కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న పెట్టె కావాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు: 15 సెంటీమీటర్ల మందాన రాతిగోడ పెడితే 60 వెడల్పు కాస్తా 45 అవుతుంది. ఆ మందాన్ని ముందే కలుపుకొని పెట్టెను వెడల్పుగా చేయించాలి. చట్రానికి ప్లైవుడ్ మేలు, చెక్కపొట్టును అదిమి చేసే ఎండీఎఫ్ పలక తడి తగిలితే ఉబ్బుతుంది. ముందువైపు జరిపే గాజు తలుపులు, చల్లని కొసన కింద ఒక గాలి రంధ్రం, వేడి కొసన పైన మరొకటి ఉండాలి. వైర్ల దారులు కూడా గోడ బిగించక ముందే తొలచాలి.

థర్మాకోల్ పలకలను అక్వేరియం సిలికాన్‌తో ఒకదానిపై ఒకటి అంటిస్తారు. పెట్రోలు జాతి ద్రావకాలున్న జిగుర్లు, స్ప్రే రంగులు థర్మాకోల్‌ను కరిగించేస్తాయి. చెక్కడంలో కత్తి కన్నా చెయ్యే నమ్మకమైనది. కోసిన అంచు కోసినట్టే కనిపిస్తుంది, విరిచిన అంచు రాయిలా ఉంటుంది. పొరల గీతలన్నీ ఒకే వాలులో సాగితే కన్ను నమ్ముతుంది. తలా ఒక దిక్కుకు పోతే ఎంత రంగు వేసినా అది బొమ్మరాయే. వేడిగాలి గన్‌తో పైపైన కరిగిస్తే ఉపరితలం గట్టిపడుతుంది కానీ ఆ పొగ హానికరం, కాబట్టి ఆ పని ఆరుబయటే చేయాలి. గట్లు జీవి ఒళ్ళు పూర్తిగా ఆనేంత వెడల్పుండాలి. బొరియ అయితే జీవి లోపల వెనక్కి తిరిగేంత పెద్దదిగా ఉండాలి, లేదంటే తల కూడా దూరకూడదు. మధ్యరకం సందుల్లో జీవి ఇరుక్కుంటుంది. మేతగా వేసిన కీచురాళ్ళు కూడా సందుల్లోనే మాయమవుతాయి.

పూతకు టైల్స్ సందులు నింపే సిమెంటు గ్రౌట్ వాడతారు. మొదటి పూత మజ్జిగలా పల్చగా ఉంటే ప్రతి గీతలోకీ దిగుతుంది. తర్వాతి రెండు మూడు పూతలు క్రమంగా చిక్కబడాలి. ఒక్కోటి ఆరేటప్పుడు నీళ్ళు చిలకరిస్తే పగుళ్ళు తగ్గుతాయి. రంగుపొడిని గ్రౌట్‌లోనే కలపడం తెలివైన పని, గోళ్ళ గీతలు పడినా కింద తెలుపు బయటపడదు. అందరూ బూడిదరంగు వైపే మొగ్గుతారు గానీ, ఆస్ట్రేలియా నడిబొడ్డు రాళ్ళు ఇనుము తుప్పు వల్ల ఎర్రగా ఉంటాయి. ముదురు రంగును పల్చగా పూసి తుడిస్తే అది పగుళ్ళలో నిలుస్తుంది. దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేతరంగు రాస్తే అంచులు తేలతాయి. చివర నీటితో పలచబరిచే రకం మెరుపులేని వార్నిష్ వేసి, వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి. ఈ జీవి ప్రతిదాన్నీ నాలుకతో తాకి చూస్తుంది.

కృత్రిమ రాయి రాయిలా కనిపిస్తుందే తప్ప రాయిలా ప్రవర్తించదు. థర్మాకోల్ వేడిని నిలవ ఉంచుకోదు, వేడినిచ్చే దీపం మరీ దగ్గరైతే మెత్తబడి కుంగుతుంది. అందుకే ఎండ కాచుకునే చోట అసలైన నాపరాయి పలక ఒకటి పరచాలి. ఆ పలక మీద 40 డిగ్రీల సెల్సియస్, చల్లని కొసన 25కు అటూ ఇటూ ఉండేలా థర్మోస్టాట్ సరిచేస్తారు. అతినీలలోహిత బి కిరణాల ట్యూబు కూడా తప్పనిసరి. అది లేకపోతే విటమిన్ డి3 తయారుకాక, కాల్షియం ఒంటికి పట్టక ఎముకలు మెత్తబడతాయి. ఆ కిరణాలు మామూలు గాజును దాటలేవు కాబట్టి ట్యూబును పెట్టె లోపలే బిగించాలి. దూరాన్ని నేల నుంచి కాక, జీవి ఎక్కగల అత్యంత ఎత్తైన గట్టు నుంచి కొలవాలి. ఆ గట్టు మీది నుంచి ఒళ్ళు సాగదీసినా దీపాలు అందకూడదు, అందే అవకాశం ఉంటే జాలీ తొడగాలి.

గోడను రెండు మూడు ముక్కలుగా, ఊడదీసేలా చేసుకుంటే శుభ్రం చేయడం సులువు. పెచ్చు ఊడితే అక్కడికే గ్రౌట్ పూసి సరిచేయవచ్చు. అన్నీ అమరాక ఖాళీ పెట్టెలో కొన్ని రోజులు దీపాలు వెలిగించి, రెండు కొసల వేడీ నిలకడగా ఉందని కొలిచి చూసుకున్నాకే జీవిని వదలాలి.