ఫార్వర్డ్ నొక్కే ముందు ఒక్క నిమిషం



ఫోను ఎలా వాడాలో మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఫోనులోకి వచ్చింది నిజమా కాదా అని చూడటం నేర్పాలి. పెద్దలమూ నేర్చుకోవాలి. ఎందుకో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు.

2018 ఏప్రిల్‌లో, ఉత్తరాది నుంచి పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు దిగారంటూ వేలూరు, తిరువణ్ణామలై వైపు వాట్సాప్‌లో మెసేజీలు తిరిగాయి. ఆ నెలాఖర్లో మన గుడియాత్తం దగ్గర హిందీ మాట్లాడే ఒక మనిషిని జనం కొట్టి చంపేశారు. మే 9న పోలూరు దగ్గర అత్తిమూరులో ఇంకో ఘోరం. కులదైవం గుడికని చెన్నై నుంచి వచ్చిన 65 ఏళ్ల అవ్వ పిల్లలకు చాక్లెట్లు ఇచ్చింది. అంతే, అనుమానంతో కొట్టారు, ప్రాణం పోయింది. అలాంటి ముఠా ఏదీ లేదని పోలీసులు ఎంత చెప్పినా, ఆ మాటకన్నా మెసేజీ ముందే ఇంటింటికీ చేరిపోయింది.

అప్పుడు దేశమంతా తిరిగిన ఒక వీడియో, నిజానికి పిల్లల భద్రత కోసం పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన ప్రచార చిత్రం. ఆ సంగతి చెప్పే చివరి భాగాన్ని కత్తిరించి పంపారు.

అదే సమయంలో తెలంగాణలోని గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపారు. డప్పు కొట్టి, పాటలు పాడి, ఈ వీడియోలు అబద్ధమని జనానికి చెప్పించారు. అక్కడ ఈ పుకార్లకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. అంటే ఇది నేర్పితే వచ్చే విద్యే.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. బంధువులు తెలుగులో పంపుతారు, పక్కింటివాళ్లు తమిళంలో పంపుతారు. రెండు భాషల్లో వచ్చింది కదా, నిజమే అనుకుంటాం. ఒకే అబద్ధాన్ని ఎవరో తర్జుమా చేసి ఉండొచ్చు! అదే రెండు భాషలు మనకు బలం కూడా. తమిళ పేపరూ తెలుగు పేపరూ రెండూ చూడగలం.

కాబట్టి ఏదైనా పంపే ముందు ఇవి అడగండి:

1. మొదట చెప్పింది ఎవరు? పంపినవాళ్లు కళ్లారా చూశారా?
2. ఊరు, తేదీ ఉన్నాయా? పాత వీడియో కాదు కదా?
3. పేపర్లో, టీవీలో వచ్చిందా?
4. రెండు బాణాల గుర్తు ఉందా? ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం.

అనుమానం తీరకపోతే పంపకండి. పిల్లలకు నిజంగా ఆపద అనిపిస్తే 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, గ్రూపులో పెట్టకండి.

విద్యార్థులారా, ఈ రాత్రి అమ్మానాన్నల ఫోనులో వచ్చిన ఒక మెసేజీ తీసుకుని, వాళ్లతో కూర్చుని ఈ నాలుగు ప్రశ్నలూ వేసి చూడండి. అవ్వతాతలకు కూడా ఓపిగ్గా చెప్పండి, ఎగతాళి చేయొద్దు.

ఒక్క మాట గుర్తుంచుకుందాం. కొత్త ఊళ్లో భాష రాక నిలబడే మనిషి రేపు మనమే కావచ్చు.