ఒక్క పాయింటుతో పోయిన కప్పు: ఖోఖో వింతలు, విశేషాలు

కోరాపుట్, రాయగడ, గుణుపురం తెలుగువాళ్లకు 2022 సెప్టెంబరు 4న పెద్ద చిక్కే వచ్చిపడింది. ఉంటున్న రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట తెలుగు. పుణెలో జరిగిన తొలి అల్టిమేట్ ఖోఖో లీగ్ ఫైనల్లో తలపడిందేమో ఒడిశా జగర్‌నాట్స్, తెలుగు యోధాస్! బడి ఆవరణలో మోకాళ్లు గీరుకుపోయేలా ఆడిన ఆట మ్యాట్ మీదికెక్కి, టీవీలో లీగ్ కావడమే ఒక విశేషం. ఆ సీజన్‌లోనూ, ఆ తర్వాతా పుట్టిన వింతలను అమెరికన్ ఫుట్‌బాల్ వింతల పక్కన పెట్టి చూస్తే ఇంకా సరదాగా ఉంటాయి.

అతి సన్నని తేడా

ఫైనల్ స్కోరు 46-45. ఈ లీగ్‌లో డిఫెండర్ను మామూలుగా తాకితే 2 పాయింట్లు. పరుగు మీదే గాల్లోకి లేచి, ఒళ్లు సాచి, మ్యాట్ మీద బోర్లా పడుతూ తాకితే 3. దాన్నే స్కై డైవ్ అంటారు. చివరి క్షణాల్లో ఒడిశా 43, యోధాస్ 45. మామూలుగా తాకితే స్కోరు సమమయ్యేది, అంతే. సూరజ్ లాండే స్కై డైవ్ కొట్టాడు, కప్పు ఒడిశాకు వెళ్లిపోయింది. విజేతకు కోటి రూపాయలు, రెండో జట్టుకు 50 లక్షలు. అంటే ఆ ఒక్క పాయింటు ఖరీదు అరకోటి!

అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ కూడా ఒకే ఒక్కసారి ఒక్క పాయింటుతో తేలింది. 1991 జనవరి 27న న్యూయార్క్ జెయింట్స్ 20, బఫలో బిల్స్ 19. ఆఖరి సెకన్లలో బఫలో ఆటగాడు స్కాట్ నార్‌వుడ్ 47 గజాల నుంచి తన్నిన బంతి గోల్ స్తంభాలకు కుడిపక్కగా పోయింది.

సర్కారు వారి జట్టు

లీగ్ జట్లంటే కంపెనీల సొత్తే అనుకుంటాం. జగర్‌నాట్స్ జట్టులో మాత్రం ఒడిశా ప్రభుత్వ క్రీడాభివృద్ధి సంస్థకే భాగం ఉంది. యోధాస్ వెనక ఉన్నది జీఎంఆర్. ఆ సంస్థ వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావుది ఉత్తరాంధ్రలోని రాజాం. అమెరికాలో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుది మరో తీరు: అది 1923 నుంచీ జనం సొంతం. ఐదు లక్షలకు పైగా వాటాదారులున్నా ఎవరికీ పైసా లాభం పంచరు.

ఓడినవాడే జగజ్జేత

యోధాస్ ఆటగాడు ప్రతీక్ వాయ్‌కర్‌ది పుణె. సొంతూళ్లో ఆ ఫైనల్ చేజారింది. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచకప్ జరిగినప్పుడు భారత పురుషుల జట్టుకు కెప్టెన్ అతనే. ఫైనల్లో నేపాల్‌ను 54-36తో ఓడించి కప్పు అందుకున్నాడు. ఆ జట్టులో ఆంధ్రా కుర్రాడు పోతిరెడ్డి శివారెడ్డి కూడా ఉన్నాడు.

సొంతగడ్డ ముచ్చట తీరని జట్లు

హైదరాబాద్ పేరుతో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఉండేదంటే నమ్ముతారా? పేరు స్కైకింగ్స్. 2011లో ప్రకటించిన ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో అదొకటి. హాలీవుడ్ నటుడు మార్క్ వాల్‌బర్గ్, పేరుమోసిన కోచ్ మైక్ డిట్కా ఈ లీగ్‌కు పెట్టుబడి పెట్టారు. పేరులో ఇండియా ఉన్నా, తొలి సీజన్ ఆటలు 2012లో శ్రీలంకలోని కొలంబోలో జరిగాయి. ఫైనల్లో పుణె మరాఠాస్ 6-0తో ఢిల్లీ డిఫెండర్స్‌ను ఓడించింది.

జగర్‌నాట్స్ కథ దీనికి తలకిందులు. ఖోఖో లీగ్ రెండో సీజన్ మొత్తం వాళ్ల కటక్‌లోనే పెట్టారు. అయినా 2024 జనవరిలో ఫైనల్ ఆడింది గుజరాత్, చెన్నై జట్లు. కప్పు గుజరాత్ జెయింట్స్ పట్టుకుపోయింది.

అతి పెద్ద తేడా

అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఘోర పరాజయమంటే 1940 డిసెంబరు 8 నాటి ఫైనలే. చికాగో బేర్స్ 73, వాషింగ్టన్ 0. అంతకు మూడు వారాల ముందే వాషింగ్టన్ 7-3తో చికాగోను ఓడించడం కొసమెరుపు.

మన అమ్మాయిలు దాన్ని మించారు. 2025 ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియాను 175-18తో మట్టికరిపించారు. ఏకంగా 157 పాయింట్ల తేడా! ఫైనల్లో నేపాల్‌పై 78-40తో గెలిచారు. ఈ జట్టులోని మగాయి మాఝీది రాయగడ జిల్లా, గిరిజన కుటుంబం. అరవై ఏళ్ల తాతలు ఇప్పటికీ పిల్లల ఆటేగా అని తీసిపారేసే ఖోఖోలో, ప్రపంచకప్ గెలిచిన మనిషి పక్క ఊళ్లోనే ఉందన్నమాట.