తల నరికినా ఆగని దందా

మెక్సికోలో సినలోవా కార్టెల్ పుట్టిందే ఒక అరెస్టు నుంచి. 1980లలో ఫ్లోరిడా తీరంలో అమెరికా నిఘా పెంచడంతో కొలంబియా కొకైన్ మెక్సికో దారి పట్టింది. మొదట కూలికి సరుకు దాటించిన గ్వాదలహారా ముఠా, పోనుపోను డబ్బుకు బదులు సరుకులోనే వాటా తీసుకుని తానే వ్యాపారి అయింది. 1989లో దాని నాయకుడు ఫెలిక్స్ గయార్దో పట్టుబడితే ముఠా మాయం కాలేదు, ముక్కలైంది. అందులో ఒక ముక్కే సినలోవా. అయినా పెద్దతలను పట్టుకుంటే చాలన్న నమ్మకం చెక్కుచెదరలేదు. రెండుసార్లు జైలు నుంచి, రెండోసారి ఏకంగా కిలోమీటరున్నర సొరంగంలోంచి తప్పించుకున్న సినలోవా నాయకుడు ఎల్ చాపో గుజ్మన్‌కు 2019లో అమెరికా కోర్టు యావజ్జీవం వేసింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఫెంటానిల్ అనే కృత్రిమ మత్తుమందు అమెరికాను ముంచెత్తింది. హెరాయిన్‌కు గసగసాల తోట, వాన, కూలీలు కావాలి. ఫెంటానిల్‌కు ఎక్కువగా చైనా నుంచి వచ్చే రసాయనాలు, ఓ గది ఉంటే సరి. పైగా హెరాయిన్ కంటే 50 రెట్లు ఘాటు కనుక చిన్న పొట్లంలోనే పెద్ద సొమ్ము దాటిపోతుంది. 2021 నుంచి మూడేళ్లపాటు అమెరికాలో ఏటా లక్షమందికి పైగా మత్తుమందుల మోతాదు మించి చనిపోయారు.

అలాగని నాయకుల్ని వదిలేయమంటారా అని అడగవచ్చు. వదలమనడం లేదు. 1993లో కొలంబియా కొకైన్ ముఠా నాయకుడు ఎస్కోబార్ చనిపోయాక అతని నగరం మెదెయిన్‌లో హత్యలు తగ్గాయి, అది చిన్న విషయం కాదు. కానీ కొకైన్ తగ్గలేదు: 2023లో కొలంబియాలో దాని ముడిసరుకైన కోకా సాగు 2,53,000 హెక్టార్లకు చేరింది. అమెరికాలో మత్తుమందుల మరణాలు 2024లో 80 వేలకు దిగాయి కదా అంటే, ఆ తగ్గుదల 2023లోనే మొదలైంది. సినలోవా పెద్ద జంబాదా పట్టుబడింది 2024 జూలైలో. ఆ అరెస్టు ఫలితం సినలోవా రాష్ట్ర రాజధాని కులియాకన్‌లో కనిపించింది. సెప్టెంబరు నుంచి జంబాదా వర్గమూ చాపో కొడుకులూ ఊరి నడివీధుల్లోనే తుపాకులతో తలపడ్డారు.

నాయకుడి కుర్చీకి మనిషి దొరుకుతాడు. గుట్టల కొద్దీ నోట్లను ఖాతాలో వేసుకునే దారి అంత తేలిగ్గా దొరకదు. అందుకే దెబ్బ పడాల్సింది అక్కడ. హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు మెక్సికో శాఖల్లో కౌంటరు కిటికీల కొలతకు సరిపోయే పెట్టెలు చేయించి మరీ ముఠాలు నగదు జమచేశాయని అమెరికా న్యాయశాఖ తేల్చింది. 2012లో ఆ బ్యాంకు 190 కోట్ల డాలర్లు చెల్లించి విచారణ నుంచి బయటపడింది. పెద్ద బ్యాంకును బోనెక్కిస్తే ఆర్థిక వ్యవస్థ కుదేలవుతుందని కొందరు అధికారులు భయపడ్డారు. భయం ఉత్తదేమీ కాదు. కానీ బ్యాంకును ముట్టకుండా మనుషులపై కేసు పెట్టవచ్చు. ఒక్క అధికారి మీదా పెట్టలేదు.