తోటపనికి చదువేల?

"తోటపని నేర్చుటకు విశ్వవిద్యాలయ మేల? మా తాతలు చదివియా కొబ్బరితోటలు పెంచిరి?" అని తలిదండ్రులు కొంద రడుగుచుందురు. ఈ ప్రశ్నకు మన గోదావరి సీమలోని కొబ్బరిచెట్టే ప్రత్యుత్తర మిచ్చుచున్నది.

2016వ సంవత్సరమున సర్పిలాకార తెల్లదోమ యను క్రొత్త పురుగు మన దేశమునకు వచ్చెను. అది ఆకుల యడుగున చేరి రసమును పీల్చును. దాని విసర్జనమగు తీపిజిగురుపై బూజు పట్టి ఆకులు మసిబారును. ఇట్టి పురుగును మన తాత లెరుగరు. మసిని చూచిన రైతు వెంటనే విషపుమందు చల్ల నెంచును. కాని యా మందు, తెల్లదోమ పిల్లలలో గ్రుడ్లు పెట్టి వానిని నశింపజేయు ఎన్కార్సియా యను సూక్ష్మకీటకమును గూడ చంపును. శత్రువుతోపాటు మిత్రుడును చచ్చును.

చేయి యెప్పు డాపవలయునో తెలిసికొనుటకే చదువు. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. కొబ్బరికై అంబాజీపేటలోను, అరటికై కొవ్వూరులోను దానికి పరిశోధన స్థానములు గలవు. ఇంటర్మీడియేటున జీవశాస్త్రము చదివినవా రచ్చట నాలుగేండ్లు నేల, అంట్లు, కీటకములు, తెగుళ్లు మున్నగువానినిగూర్చి నేర్చి, రైతుల తోటలలోను పనిచేయుదురు. పదవ తరగతి ముగించినవారికి రెండేండ్ల డిప్లొమా గలదు.

విద్యార్థులారా, తాతల యనుభవమును విడువకుడు; దానికి శాస్త్రమును జోడింపుడు. ఏదెను తోటలో దేవుడు మానవున కప్పగించిన మొదటి పని సేద్యమును, కాపుదలయునే గదా!